మురుగునీటికి జమ్ము మడి



"నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు" అని మన పెద్దల మాట. ఊరి మురుగునీరు కూడ పల్లమునే వెదకుకొనును. మీ ఊరిలో కాలువ వెంబడి చివరి యింటి వరకు నడచి చూడుడు. ఆ కాలువ చెరువులోనికో, వాగులోనికో, లేక ఎవరో ఒక రైతు పొలములోనికో దారి తీసియుండును. ఏ దారియు లేనిచోట మడుగు కట్టి, నల్లబడి, దోమలకు నిలయమై యుండును. దాని ప్రక్కన బావి గల రైతునకు ఆ నీటి రుచి చెప్పనక్కరలేదు.

2019లో ప్రారంభమైన జలజీవన్ మిషన్ పథకము మనిషికి రోజుకు 55 లీటర్ల కుళాయినీరు ఇవ్వవలెనని లక్ష్యము పెట్టుకొన్నది. ఇది మంచిదే. అయితే ఇంటిలోనికి వచ్చిన నీటిలో నూటికి సుమారు 80 పాళ్లు మరల బయటికి పోవునని ఇంజనీర్ల లెక్క. అనగా మనిషికి రోజుకు 44 లీటర్లు. నూరు గడపల ఊరిలో ఇంటికి ఐదుగురు చొప్పున 500 మంది యున్నచో, రోజుకు 22,000 లీటర్ల వాడుకనీరు వీధికాలువలో పడును. ఏడాది పొడవున ఎండక తప్పక పారు కాలువ ఇది ఒక్కటే. దీనిని చెరువును పాడుచేయుటకు విడుతుమా, లేక శుభ్రపరచి పచ్చిగడ్డి పండించుకొందుమా అనునది మన చేతిలోనిదే.

ఇందుకు అతి తక్కువ ఖర్చుతో, విద్యుచ్ఛక్తి అవసరము లేకుండ పనిచేయు ఒక పద్ధతి గలదు. దానిని శాస్త్రజ్ఞులు "నిర్మిత చిత్తడి నేల" అందురు. మనము సులభముగ "జమ్ము మడి" అని పిలుచుకొందము.

ఈ ఆలోచన ఎక్కడిది?

మడుగు నీటిలో జమ్ము, తుంగ, కిక్కిస మొలచిన చోట నీరు తేటగా నుండుట మనమెరిగినదే. కృష్ణా గోదావరి డెల్టాల నడుమనున్న కొల్లేరు, బుడమేరు తమ్మిలేరులతో పాటు అనేక మురుగుకాలువలు తెచ్చు నీటిని తనలో నిలిపి, ఒండ్రును అడుగున దింపి, పిమ్మట ఉప్పుటేరు ద్వారా సముద్రమునకు పంపుచున్నది. కలకత్తా నగరపు మురుగునీరు శతాబ్దమునకు పైగా నగరమునకు తూర్పుననున్న చిత్తడి నేలలలోనికే పోవుచున్నది. అచ్చట బెస్తవారు ఆ నీటిలో చేపలు పెంచుచున్నారు, రైతులు వరియు కూరగాయలును పండించుచున్నారు. 12,500 హెక్టార్ల ఆ ప్రదేశము 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యము గల రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరినది. అదే సంవత్సరమున మన కొల్లేరు కూడ ఆ జాబితాకెక్కినది.

ప్రకృతి చేయు ఈ పనిని మనిషి కొలతలు పెట్టి చేయవచ్చునని 1950 ప్రాంతమున జర్మనీలో కేటే సైడెల్ అను వృక్షశాస్త్రజ్ఞురాలు ప్రయోగములు ప్రారంభించినది. ఆమె పరీక్షించిన మొక్క మన తుంగ జాతికి చెందినదే. తరువాత అనేక దేశములలో ఈ మడులు వ్యాపించినవి. మన ప్రాంతమున పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు రంగారెడ్డి జిల్లా కొత్తపల్లె గ్రామమున ఇట్టి మడిని వేసి, శుభ్రపడిన నీటిని సేద్యమునకు వాడు విషయమై పరిశోధించిరి.

మడిలో జరుగునదేమి?

చాలమంది మొక్కయే మురుగును త్రాగివేయునని తలంతురు. ఇది కొంతవరకే నిజము. అసలు పనివారు కంటికి కనబడని సూక్ష్మజీవులు. కంకరరాళ్ల పైనను, వేళ్లపైనను ఇవి పలుచని జిగురు పొరవలె అంటుకొని నివసించును. నీరు రాళ్ల సందులలో మెల్లగా సాగునప్పుడు దానిలోని సబ్బు, నూనె, గంజి, మెతుకులు మున్నగు కుళ్లు పదార్థములను ఇవి ఆహారముగా గైకొనును.

మొక్క చేయు మేలు మూడు విధములు. ఒకటి, దాని వేళ్లు కంకరను వదులుగా నుంచి సూక్ష్మజీవులకు చోటు కల్పించును. రెండు, బోలుగానుండు కాడల ద్వారా ఆమ్లజనిని కొంత వేళ్ల వరకు దింపును. మూడు, నత్రజని, భాస్వరములను కొంత తనలోనికి తీసికొనును. వేరునకు దగ్గరగా ఆమ్లజని గల చోట ఒక జాతి సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రేటుగా మార్చును. దూరముగా ఆమ్లజని లేని చోట మరియొక జాతి ఆ నైట్రేటును నత్రజని వాయువుగా మార్చి గాలిలోనికి వదలును.

ఇదంతయు జరుగుటకు కావలసినది వ్యవధి. నీరు పరుగెత్తినచో పని జరుగదు. మన ప్రాంతపు వెచ్చని వాతావరణములో రెండు మూడు దినములు మడిలో నిలిచిన వాడుకనీటిలోని కుళ్లు పదార్థము సాధారణముగ నూటికి 70 నుండి 90 పాళ్లు తగ్గును. చలిదేశముల కంటె మనకు ఇదొక సౌకర్యము.

కొలతలు ఎట్లు నిర్ణయించవలెను?

పైన చెప్పిన నూరు గడపల ఊరినే ఉదాహరణగా తీసికొందము. రోజుకు 22,000 లీటర్లనగా 22 ఘనపు మీటర్లు. మూడు దినములు నిలుపుటకు 66 ఘనపు మీటర్ల నీటికి చోటు కావలెను. కంకరలో నూటికి సుమారు 40 పాళ్లు మాత్రమే ఖాళీ యుండును. కావున కంకర మడి 165 ఘనపు మీటర్లుండవలెను. లోతు 60 సెంటీమీటర్లు పెట్టినచో 275 చదరపు మీటర్ల స్థలము, అనగా సుమారు ఏడు సెంట్లు. దీనిని ఒకే మడిగా గాక 20 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు గల రెండు మడులుగా చేసికొనుట మేలు. ఒకదానిని బాగుచేయునప్పుడు రెండవది పనిచేయుచుండును.

మడికి ముందు ఒక తేర్పు తొట్టి తప్పనిసరి. ఒక దినపు నీరు పట్టునట్లు 6 మీటర్ల పొడవు, 2.5 మీటర్ల వెడల్పు, 1.5 మీటర్ల నీటిలోతు గలది సరిపోవును. నడుమ అడ్డుగోడ కట్టి రెండు గదులు చేయవలెను. ఇసుక, మట్టి, కుళ్లు అడుగునకు దిగును; నూనె, జిడ్డు పైకి తేలును; నడుమ నీరు మాత్రమే మడిలోనికి పోవును. తొట్టికి ముందు ఇనుప జాలి పెట్టి ప్లాస్టిక్ సంచులను, చెత్తను ఆపవలెను.

నిర్మించు విధము

1. ఊరికి దిగువన, వరదనీరు ఎక్కని చోటు చూచుకొనవలెను. త్రాగునీటి బావులకు దగ్గరగా పెట్టరాదు.

2. గొయ్యి త్రవ్వి, అడుగును నూరు మీటర్లకు ఒక మీటరు వాలు వచ్చునట్లు చదును చేయవలెను. నల్లరేగడి నేలలో అడుగును తడిపి బాగుగా దిమ్మిస చేసినచో నీరు ఇంకుట చాలవరకు తగ్గును. ఎర్రచెల్క, ఇసుక నేలలలో దళసరి ప్లాస్టిక్ పట్టా పరచక తప్పదు. ఇది మానినచో మురుగు నేరుగా భూగర్భజలములో కలియును.

3. నీరు వచ్చు చివర, పోవు చివర మీటరు వెడల్పున పెద్ద రాళ్లు, నడుమ 10 నుండి 20 మిల్లీమీటర్ల కడిగిన కంకర నింపవలెను. కడుగని కంకరలోని రాతిపొడి సందులను పూడ్చివేయును.

4. నీరు పోవు చోట ఎత్తు మార్చుకొను గొట్టము పెట్టవలెను. నీటిమట్టము ఎల్లప్పుడు కంకర పైభాగమునకు 5 నుండి 10 సెంటీమీటర్లు దిగువన నుండవలెను. నీరు పైకి కనబడనప్పుడు దోమ గ్రుడ్లు పెట్టదు, దుర్వాసన రాదు.

5. వాననీటికి వేరు దారి పెట్టవలెను. ఒక్క గట్టివాన వీధిమట్టినంతయు తెచ్చి మడిలో నింపగలదు.

ఏ మొక్కలు నాటవలెను?

జమ్ము, కిక్కిస, తుంగ, వట్టివేరు, మెట్టతామర – ఇవన్నియు మన కాలువగట్టుల వెంట, తోటలలో దొరకునవే. చదరపు మీటరునకు నాలుగు దుబ్బుల చొప్పున వేళ్లతో నాటవలెను. తొలకరి ఇందుకు అనువైన కాలము. మొదట మంచినీరు పెట్టి, కొత్త ఆకులు వచ్చిన పిమ్మట మురుగునీటిని కొద్దికొద్దిగా పెంచుకొని పోవలెను. వేళ్లు మడియంతయు అల్లుకొనుటకు కొన్ని మాసములు పట్టును. ఆ లోపల ఫలితము కనబడలేదని నిరాశ చెందరాదు. గుర్రపుడెక్కను మాత్రము దగ్గరకు రానీయరాదు. అది మడిని దాటి చెరువులోనికి పోయినచో తీయుట ఎవరి తరమును కాదు.

నా పొరపాటు

ఈ సంగతులన్నియు పుస్తకములో చదివి వ్రాయుచున్నవి కావు. నేను ఉద్యోగములో చేరిన కొత్తలో ఒక గ్రామమున ఇట్టి మడి వేయించితిని. అంచనా వేసిన సొమ్ము చాలలేదు. తేర్పు తొట్టిని తరువాత కట్టుకొందమని అనుకొని, మడిని మాత్రము పూర్తిచేసితిమి. అందుకు సమ్మతించినవాడను నేనే. మొదటి ఆరు మాసములు జమ్ము ఆరడుగులు పెరిగి చూపరులకు ముచ్చటగా నుండెను. ఏడవ మాసమున నీరు కంకరపైకి ఉబికినది. వాసన, దోమలు మొదలైనవి. దిగువనున్న బావిరైతు ఒక ఉదయము నన్ను అచ్చటికి తీసికొనిపోయి ఇట్లనెను: "అయ్యా, కాలవలో పారినన్నాళ్లు కంపు పోతా ఉండేది. మీ మడి కట్టినాక ఇక్కడే కాపురం పెట్టింది."

ఆ మాటకు నా వద్ద సమాధానము లేదు. మడి మొదట మూడు మీటర్లు త్రవ్వి చూడగా కంకర నల్లని జిడ్డుతో ముద్దకట్టియుండెను. ఆవల కంకర శుభ్రముగనే యున్నది. చెడినది పద్ధతి కాదు, ముందు జరుగవలసిన పని జరుగకపోవుటయే. ఆ కంకరను తీసి కడిగి మరల నింపి, తొట్టి కట్టించుటకు మొదటనే కట్టియున్నచో అయ్యెడి ఖర్చుకంటె ఎక్కువైనది. తరువాత రెండు మాసములకు చివరి గొట్టములో తేటనీరు వచ్చినది. ఆ బావిరైతే నేడు ఆ నీటితో పశుగ్రాసము పెంచుచున్నాడు. నేను ఎప్పుడు పోయినను మొదట తొట్టి మూత తీసి చూపి, పిమ్మటనే మాట్లాడును.

బొగ్గుపులుసు వాయువు సంగతి

చిత్తడి నేలలు కర్బనమును దాచునని, అందువలన భూమి వేడెక్కుట తగ్గునని నేడు అందరును చెప్పుకొనుచున్నారు. ఇందులోని నిజమును, హద్దును రెండును తెలిసికొనవలెను.

మొక్క గాలిలోని బొగ్గుపులుసు వాయువును తీసికొని ఆకు, కాడ, వేరుగా మార్చుకొనును. మెట్టనేలలో ఎండుటాకు త్వరగా కుళ్లి తిరిగి వాయువై పోవును. తడినేలలో ఆమ్లజని తక్కువగుటచే వేరు, ఆకు మెల్లగా కుళ్లి, కొంత భాగము ఏండ్ల తరబడి నేలలో మిగిలిపోవును. భూతలమున కొద్దిభాగమే ఆక్రమించిన చిత్తడి నేలలు నేలలోని కర్బనములో అంతకు ఎన్నోరెట్లు పెద్ద వాటాను దాచియుంచుటకు కారణమిదే.

కాని ఆమ్లజని లేనిచోట మీథేను వాయువు కూడ పుట్టును. మీ గోబరు గ్యాసు పొయ్యిలో మండునది ఇదే. నూరు సంవత్సరముల లెక్కలో ఇది బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 27 రెట్లు వేడి పుట్టించును. కావున కుళ్లు పేరుకొనిపోయిన మడి లాభమునకు బదులు నష్టమే చేయవచ్చును.

మన ఏడు సెంట్ల మడినే చూడుడు. చదరపు మీటరునకు ఏడాదికి ఒకటిన్నర కిలోల ఎండుగడ్డి వచ్చుననుకొన్నను మొత్తము 420 కిలోలు. అందులో కర్బనము సుమారు 170 కిలోలు. అదియు అంతా నిలిచియుండదు. ఇక యంత్రములతో గాలి ఊది మురుగును శుభ్రపరచు పద్ధతిలో ఘనపు మీటరు నీటికి అర యూనిటు విద్యుత్తు పట్టుననుకొన్నచో, మన ఊరి నీటికి ఏడాదికి సుమారు 4,000 యూనిట్లు కావలెను. మన దేశములో విద్యుత్తు ఎక్కువగా బొగ్గుతో తయారగుచున్నది. యూనిటుకు 0.7 కిలో చొప్పున చూచినను దాదాపు 2.8 టన్నుల బొగ్గుపులుసు వాయువు. కనుక మడి దాచు కర్బనముకంటె, అది కాల్చనీయని బొగ్గువలననే మనకు ఎక్కువ మేలు. దుర్గంధపు మడుగు ఎండిపోయి అందులోని మీథేను తగ్గుట మరియొక మేలు. కోసిన గడ్డిని ఎన్నడును తగులబెట్టరాదు. పేడతో కలిపి కంపోస్టు చేసి పొలములో వేసినచో కర్బనములో ఒక పాలు మీ నేలకే చేరును.

శుభ్రపడిన నీటిని వాడుట

వేసవిలో రోజుకు 10 మిల్లీమీటర్లు ఆవిరైనను ఈ మడినుండి పోవునది 2.8 ఘనపు మీటర్లే. మిగిలిన 19 ఘనపు మీటర్లతో, రోజుకు 5 మిల్లీమీటర్ల తడి చొప్పున, దాదాపు ఒక ఎకరము నేపియరు గడ్డి పెంచవచ్చును. ఎండాకాలమున ఎకరము పచ్చిమేత విలువ పాడిరైతునకు వేరుగా చెప్పనవసరము లేదు. వెదురు, సుబాబుల్, మల్బరీ మున్నగు వాటికిని ఈ నీరు పనికివచ్చును.

అయితే కొన్ని హెచ్చరికలు మరువరాదు. తేటగా నున్నంత మాత్రమున ఇది త్రాగునీరు కాదు. రోగక్రిములు చాల తగ్గును గాని పూర్తిగా నశింపవు. పచ్చిగా తిను కొత్తిమీర, ఉల్లి, ముల్లంగి, ఆకుకూరలకు దీనిని పెట్టరాదు. తడి పెట్టువారు చెప్పులు తొడుగుకొని, పని ముగిసిన పిమ్మట సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. మడి ఉప్పును తీసివేయదు. కావున ఏడాదికొకసారి నీటిని, నేలను భూసార పరీక్షా కేంద్రములో పరీక్షింపజేసి చౌడు పెరుగుచున్నదేమో చూచుకొనవలెను. పురుగుమందు డబ్బాలు కడిగిన నీరు, అద్దకపు రంగులు, బ్యాటరీ ఆసిడ్లు కాలువలో పోయరాదు. అవి సూక్ష్మజీవులను చంపి మడిని మూలబెట్టును. మరుగుదొడ్ల నీటిని ఈ కొలతల మడికి కలుపరాదు. వాటికి జంట గుంతలు వేరుగా నుండవలెను.

ఎవరు చూచుకొనవలెను?

వారమునకొకసారి జాలి శుభ్రము చేయుట, మాసమునకొకసారి తొట్టిలో తేలిన జిడ్డు తీయుట, మూడవ వంతు నిండినప్పుడు అడుగు మడ్డి తోడించుట, ఏడాదికి ఒకటి రెండు సార్లు గడ్డిని జానెడు ఎత్తు విడిచి కోయుట – పని ఇంతే. కాని "అందరి పని" అన్నది ఎవరి పనియు కాకుండపోవును. మడి కట్టుటకు ముందే పంచాయతీ తీర్మానములో బాధ్యుని పేరు, నెల జీతము, గడ్డి కోసికొను హక్కు, నీటి వంతులు వ్రాసికొనవలెను. తొట్టిలోనికి మనిషిని దింపరాదు. విషవాయువు క్షణములో ప్రాణము తీయును. ఇట్టి ప్రమాదకరమైన పనికి మనిషిని దింపుటను నిషేధించుచు 2013లో చట్టము వచ్చినది. మడ్డిని పంపుతోనే తోడించవలెను. కాలువ శుభ్రముచేయువాని ప్రాణము మన చెరువుకంటె విలువైనది.

మడి పనిచేయుచున్నదో లేదో తెలిసికొనుటకు ఒక సులభ పరీక్ష గలదు. రెండు గాజుసీసాలు తీసికొని ఒకదానిలో మడిలోనికి వచ్చు నీరు, రెండవదానిలో బయటికి పోవు నీరు నింపి మూతపెట్టి ఒక దినము ఎండలో నుంచవలెను. మరునాడు మూత తీసి వాసన చూడవలెను. రెండవ సీసాలో వాసన లేకున్నచో మడి బాగుగా నున్నది. ఉన్నచో ముందుగా తొట్టి మూత తీసి చూడుడు. నూటికి తొంబది సార్లు జబ్బు అక్కడనే యుండును.

జమ్మును ఇంతకాలము మనము పంటకాలువలకు అడ్డుపడు కలుపుగనే చూచితిమి. దానికి తగిన చోటు, నీటికి తగిన వ్యవధి, తొట్టికి తగిన మనిషి ఏర్పరచినచో ఊరికి చివరనున్న రైతు కూడ ఊరిలోనివారివలె స్వచ్ఛమైన బావినీరు త్రాగగలడు. మీ ఊరి గ్రామసభలో ఈ విషయమును ప్రస్తావించి, స్థలము, కొలతలు నిర్ణయించుకొనుటకు మీ మండల వ్యవసాయాధికారిని, గ్రామీణ నీటి సరఫరా ఇంజనీరును సంప్రదించగలరు.